హాజరు, గాయబు : పాలస్తీనా రైతుచరిత్రకు తెలంగాణ భూచరిత్రనుండి ఒక పరిశీలనము

పాలస్తీనా ప్రజలయెడ మనదేశమున సానుభూతి చిరకాలమునుండి కలదు. సానుభూతి యున్నంత పరిచయము మాత్రము లేదు. ఆ దేశమును గూర్చి మనవారు వ్రాసినవానిలో యుద్ధములు, ఒడంబడికలు, నాయకుల పేర్లు విరివిగా కనిపించును. అచ్చటి గ్రామము, పొలము, ఆ పొలమును దున్నినవాని హక్కు అరుదుగా కనిపించును. తరగతిలో ఒక విద్యార్థి, “పాలస్తీనా మనకేమగును?” అని యడిగినపుడు, “వారు బాధితులు, మనము సానుభూతిపరులము” అని యూరకుండుట ఉపాధ్యాయునికి తగదు. ఆ ప్రశ్నకు నల్లగొండ, మహబూబునగరు జిల్లాల చరిత్రనుండియే ఒక సమాధానము లభించునని నిరూపించుట ఈ వ్యాసమున కుద్దేశము. ఆ సమాధానమునకు ఆధారము మతము కాదు, రాజనీతి కాదు, భూమి.

ముందుగా ఈ ప్రాంతమునకును పాలస్తీనాకును గల పూర్వసంబంధములను పరిశీలింతము. 1948 వఱకు ఈ రెండు జిల్లాలు నిజాం రాజ్యములోనివి. ఆ రాజ్యమునకు పాలస్తీనాతో ఆధునిక కాలమున ఏర్పడిన మొదటి సంబంధము సైనికమైనది. మొదటి ప్రపంచయుద్ధమున హైదరాబాదు లాన్సర్లను అశ్వదళము జోధపురము, మైసూరు దళములతో కూడి ఆంగ్లేయుల పక్షమున ఆ దేశమున పోరాడెను. 1918 సెప్టెంబరు 23న హైఫా నగరమును పట్టుకొన్నది ఈ దళములు గల పటాలమే. ఢిల్లీలో 1922లో నిలిపిన తీన్‌మూర్తి స్మారకమందలి మూడు విగ్రహములు ఈ మూడు సంస్థానములకు గుర్తులు. అయితే పాలస్తీనాలో యూదులకు జాతీయనివాసము కల్పింతుమని ఆంగ్లప్రభుత్వము చేసిన బాల్ఫరు ప్రకటన అంతకు పూర్వమే, 1917 నవంబరు 2న వెలువడియుండెను. ఆ వాగ్దానము చేయుటకు ముందు అచ్చటి రైతునడిగినవారు లేరు. ఆ భూమిని గెలుచుటకు పోయిన మన సైనికునడిగినవారును లేరు.

రెండవ సంబంధము దానరూపమైనది. ఖిలాఫతు ఉద్యమకాలమున జెరూసలేము పేరు మన పట్టణముల సభలలో మాఱుమ్రోగెను. అటుపిమ్మట అల్‌అక్సా మసీదు జీర్ణోద్ధరణకు నిధులు కూర్చుటకై పాలస్తీనానుండి వచ్చిన ప్రతినిధివర్గమునకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ విరాళమిచ్చెను. 1933లో జెరూసలేము ముఫ్తీ హాజ్ అమీన్ అల్‌హుసేనీ అచ్చట ఒక విశ్వవిద్యాలయము నెలకొల్పు సంకల్పముతో హైదరాబాదునకు వచ్చెను. ఇది రాజునకును, మతపెద్దలకును నడుమ నడచిన సంబంధము.

మూడవది రాజనీతి సంబంధము. 1938 నవంబరు 26 నాటి హరిజన పత్రికలో గాంధీజీ యూదులు పడిన హింసలకు కరుణ వహించుచునే, ఆ కారణముచేత వారిని అరబ్బులపై రుద్దరాదని వ్రాసెను. 1947లో ఐక్యరాజ్యసమితి నియమించిన ప్రత్యేకసంఘమున భారతదేశము, ఇరాను, యుగోస్లావియా విభజనకు బదులు సమాఖ్యను సూచించెను. నవంబరు 29న విభజనతీర్మానము 33 ఓట్లతో నెగ్గినపుడు వ్యతిరేకించిన 13 దేశములలో మనది యొకటి. సరిగా ఆ దినముననే నిజామునకును భారతప్రభుత్వమునకును యథాతథపు టొడంబడిక కుదిరెను. చరిత్రకారుడు తిథుల కలయికకు అర్థము కల్పింపరాదు. కాని మరుసటి సంవత్సరము రెండు దేశముల గ్రామీణులకును మఱపురానిదయ్యెనని గుర్తుంచుకొనవచ్చును. తరువాతి కాలమున 1988 నవంబరులో భారతదేశము పాలస్తీనా రాజ్యమును గుర్తించినపుడు విదేశాంగమంత్రి తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావు. 1992 జనవరిలో ఇజ్రాయెలుతో పూర్ణదౌత్యసంబంధము నెలకొల్పినపుడు ప్రధానియు ఆయనయే.

సైన్యము, దానము, దౌత్యము అను ఈ మూడు మార్గములందును పాలస్తీనా రైతు మనకెదురుపడడు. రాజుల చరిత్రను విడిచి జనుల చరిత్రను వ్రాయవలెనని మనకు మార్గము చూపినవాడు పాలమూరు బిడ్డ సురవరము ప్రతాపరెడ్డి. ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కావ్యములనుండి, మాటలనుండి, ఆచారములనుండి ప్రజాజీవితమును వెలికి తీసెను. ఆ పద్ధతినే అనుసరించి మాటలతో ప్రారంభింతము.

రైతు అను మాటకంటె తెలుగుతనము గల మాట వేఱొకటి లేదనిపించును. కాని అది అరబ్బీ ‘రఅయ్యత్’ శబ్దమునుండి పారసీక, ఉర్దూ భాషల మీదుగా వచ్చినది. మందయనియు, పాలింపబడు జనమనియు దాని మూలార్థము. కౌలు అను మాట ‘ఖౌల్’ నుండి పుట్టినది. ఖౌల్ అనగా మాట. హక్కు, హద్దు, వసూలు, తహసీలు, జప్తు, ఇనాము, వక్ఫు అనునవియు అరబ్బీ మాటలే. ఖరీఫు, రబీ మనకు పంటకాలముల పేర్లు. పాలస్తీనా రైతునకు ఆ మాటలే శరత్తును, వసంతమును తెలుపును. వతను అనగా మన గ్రామములలో పటేలు, పట్వారీల వంశపారంపర్యాధికారము, అరబ్బీలో స్వదేశము. ఈ మాటలు మనకు పాలస్తీనానుండి నేరుగా రాలేదు. దక్కనులో పారసీకము రాజభాషగా నుండుటచేత వ్యాపించినవి. కావున శబ్దసామ్యము బంధుత్వమునకు సాక్ష్యము కాదు. రెండుచోట్లను భూమిని వ్రాతలోనికెక్కించిన పాలకులు ఒకే పదకోశమును వాడిరని మాత్రము అది తెలుపును. ఆ వ్రాతవలన దున్నువాని కేమి జరిగినదనునదియే అసలు ప్రశ్న.

పాలస్తీనా 1917–18 వఱకు తురుష్క సామ్రాజ్యములోనిది. అచ్చట అనేక గ్రామములలో పొలము ‘ముషా’ అను ఉమ్మడి పద్ధతిలో ఉండెను. ఏ కుటుంబమునకును శాశ్వతముగా ఒక చెలక యని యుండదు. భాగములు శాశ్వతము, స్థలములు కొన్నియేండ్ల కొకసారి మాఱుచుండును. 1858 నాటి భూశాసనము ప్రతి భూమికిని ఒక హక్కుదారుని పేరు నమోదు కావలెనని విధించెను. పేరెక్కించుకొన్నచో పన్ను పెరుగుననియు, కొడుకులను సైన్యములోనికి కొనిపోవుదురనియు రైతులు భయపడిరి. అనేకచోట్ల పట్టణపు పెద్దల పేరనో, వర్తకుల పేరనో భూమి నమోదయ్యెను. రైతు ఎప్పటివలెనే దున్నుచుండెను. తన పొలము వ్రాతలో పరాధీనమైనదని అతనికి చాలకాలము తెలియలేదు.

ఇంచుమించు ఆ కాలముననే ఇచ్చట సాలార్‌జంగు సంస్కరణములు జరిగెను. 1865లో జిలాబందీ ఏర్పడెను, పిమ్మట సర్వే, బందోబస్తు వచ్చెను. అంతకు పూర్వము గుత్తకు శిస్తు వసూలు చేయుచుండిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు లెక్కలు తమ చేతిలో నుండుటచేత మంచి భూములను తమ పేర వ్రాయించుకొనిరని పుచ్చలపల్లి సుందరయ్య వివరించియున్నాడు. తరతరములుగా సేద్యము చేసినవాడు షిక్మీదారుడయ్యెను. అప్పటి నల్లగొండ జిల్లాలోని జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖు చేతిలో 40,000 ఎకరములుండెనని సుందరయ్య లెక్క. మహబూబునగరు జిల్లాలో గద్వాల, వనపర్తి, జటప్రోలు వంటి సంస్థానములు వేఱుగా నుండెను. తురుష్కుల కలము, నిజాము కలము ఒకదానినొకటి ఎఱుగవు. రైతునకు చేసిన కీడు మాత్రము ఒక్కటే. హక్కు దున్నకమునుండి తొలగి కాగితమునందు చేరినది.

ఇచ్చటినుండి రెండు చరిత్రలు వేఱగును. ఈ భేదమును గుర్తింపని పోలిక శాస్త్రీయము కాదు. మర్జ్ ఇబ్న్ ఆమిర్ లోయలోని విశాలభూములను బేరూతునకు చెందిన సుర్సోకు కుటుంబము 1870 ప్రాంతమున తురుష్కప్రభుత్వమునుండి కొనెను. ఆ కుటుంబము 1921–25 నడుమ వానిని యూదుల భూసంస్థలకు విక్రయింపగా అచ్చటి కౌలురైతులు లేచిపోవలసి వచ్చెను. యూదుల జాతీయనిధి కౌలుపత్రములలో యూదేతర కూలీలను పెట్టుకొనరాదను నిబంధన యుండుటను 1930లో హోప్ సింప్సను తన నివేదికలో విమర్శించెను. మన దొర రైతును దోచెను, వెట్టి చేయించెను. కాని అతనికి రైతు చేతులతో పని యుండెను. పాలస్తీనాలో భూమితోపాటు పనియు పోయెను. కొనవచ్చినవారిలో అనేకులు ఐరోపాలో ఘోరహింసలకు గుఱియై ప్రాణములు దక్కించుకొనుటకు వచ్చినవారని చెప్పుటయు న్యాయము. ఒక బాధితుని కాశ్రయము కల్పించుటకై మఱియొకనిని నిరాశ్రయుని చేయుటయే ఆ చరిత్రలోని విషాదము.

1936–39లో పాలస్తీనా గ్రామములు తిరుగబడెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిమ్మట నల్లగొండ గ్రామములు తిరుగబడెను. మొదటి తిరుగుబాటును ఆంగ్లప్రభుత్వము అణచివేసెను. రెండవది 1951 వఱకు సాగి అణగినను భూమిచట్టములపై తన ముద్రను విడిచెను. 1947 నాటికి పాలస్తీనా భూమిలో యూదుల స్వామ్యము నూటికి 7 వంతులకు మించలేదు. విభజన ప్రణాళిక వారి రాజ్యమునకు సగముకంటె ఎక్కువ భూభాగము నిచ్చెను. 1948 యుద్ధమున 7 లక్షలకు పైగా అరబ్బులు నిరాశ్రయులైరి. పాలస్తీనీయులు దీనిని ‘నక్బా’ యందురు, మహావిపత్తని అర్థము. జనశూన్యములైన 418 గ్రామముల వివరములను వలీద్ ఖాలిదీ సంపాదకత్వమున 1992లో వెలువడిన గ్రంథము కూర్చినది.

1950లో రెండుచోట్లను రెండు చట్టములు వచ్చెను. వానిని ప్రక్కప్రక్కన నుంచి చదువవలెను. ఆ సంవత్సరము జూన్ 10న అమలులోనికి వచ్చిన హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టము రక్షిత కౌలుదారుని గుర్తించెను; కాగితముమీద లేకున్నను పొలములో నున్నవానికి హక్కు కలదని యంగీకరించెను. మార్చిలో ఇజ్రాయెలు చేసిన పరోక్షుల ఆస్తిచట్టము దీనికి విలోమము. యుద్ధకాలమున తన వాసస్థానమును విడిచినవాడు, దేశము దాటకున్నను, పరోక్షుడే. వాని పొలము ప్రభుత్వపాలకుని వశమగును. ప్రక్కయూరిలో తలదాచుకొని, తన చెట్లను కంటితో చూచుచుండినవాడును ఈ లెక్కలోనికి వచ్చెను. ఇట్టివారిని అరబ్బీలో ‘హాజిరు గాయిబు’ అందురు. తెలంగాణ పాఠకునకు ఈ మాటకు నిఘంటువు అక్కఱలేదు. హాజరు మన బడిలోని మాట. గాయబు మన వీథిలోని మాట. హాజరై యుండియు గాయబైనవాడు!

మన చట్టమును మితిమీరి పొగడుటయు తగదు. అనేక రక్షిత కౌలుదారులు బెదిరింపులవలనను, ‘స్వచ్ఛంద’మని వ్రాయించుకొన్న వదలుకోళ్ళవలనను భూమిని కోల్పోయిరని ఎ.ఎం. ఖుస్రో 1958లో ప్రకటించిన పరిశోధన తెల్పినది. దేశవిభజనానంతరము కాందిశీకుల ఆస్తులను గూర్చి మనదేశమునను 1950లోనే చట్టము వచ్చెను. కావున ఒక దేశము న్యాయమునకు, మఱియొకటి అన్యాయమునకు ప్రతిరూపమనుట కాదు. చట్టము దున్నువానిని హాజరు పట్టికలో వ్రాయునా, గాయబు పట్టికలో వ్రాయునా యనునది ప్రతిదేశమును అడుగదగిన ప్రశ్న.

ఊరు పోయినవాని సంస్కృతి ఎట్లు నిలుచును? పాలస్తీనా స్త్రీల దుస్తులపై నుండు ‘తత్రీజ్’ అను అల్లిక దీనికి నిదర్శనము. దాని వర్ణములను, నమూనాలను చూచి ఆ స్త్రీ ఏ ప్రాంతముదో, ఒక్కొక్కపుడు ఏ గ్రామముదో చెప్పగలిగెడివారు. 2021లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వముగా గుర్తించెను. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలను అంచునుబట్టియు, నేతనుబట్టియు గుర్తించువారికి ఇది సులభముగా బోధపడును. మజ్దల్ అను పట్టణము నేతపనికి ప్రసిద్ధి. 1948లో అచ్చటి నేతగాండ్రు పలువురు గాజాకు చేరిరి, మిగిలినవారిని 1950లో పంపివేసిరి. శరణార్థి శిబిరములలో వీథులకు పాత గ్రామముల పేర్లు నిలిచినవి. ఇంటి తాళపుచెవులు ఇంకను భద్రముగా నున్నవి. 1941లో అల్‌బిర్వా గ్రామమున పుట్టిన మహమూద్ దర్వీష్ తన ఊరు నేలమట్టమైన పిమ్మట దానిని కవిత్వమున నిలిపెను.

కృష్ణాతీరమున ఇట్టి స్మృతి మనకును కలదు. 1981లో శ్రీశైల జలాశయము నిండినపుడు కొల్లాపురము, అలంపురము ప్రాంతముల గ్రామములు మునిగెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయి విప్పి అలంపురమున తిరిగి నిలిపిరి; ఊళ్ళను అట్లు తిరిగి నిలుపలేకపోయిరి. ఇది యుద్ధము కాదు, పరరాజ్యాక్రమణము కాదు. నష్టపరిహారమని ఒకటి ఇచ్చిరి. అయినను వేసవిలో నీరు తగ్గినపుడు పాతగోడల ఆనవాళ్ళను వెదకికొనుచు పోవు వృద్ధునకు, పోయిన ఊరి పేరును మనుమనికి నేర్పు పాలస్తీనా వృద్ధుని మనసు వ్యాఖ్యానము లేకయే తెలియును.

2023 అక్టోబరు 7న ఇజ్రాయెలులో జరిగిన దాడియందు సుమారు 1,200 మంది హతులైరి. తరువాతి యుద్ధమున గాజాలో వేలకొలది పసిపిల్లలతో కూడ పదుల వేలమంది మరణించిరి. విశ్వవిద్యాలయములు, గ్రంథాలయములు, గాజా పురపాలక పత్రభాండాగారము ధ్వంసమయ్యెను. ప్రాణముతో పోల్చినచో కాగితము తక్కువదే. కాని కాగితము లేనివాడు ఎట్లు గాయబగునో నల్లగొండ రైతుచరిత్ర చదివినవారికి తెలియును.

కావున మన సంఘీభావమునకు మొదటి రూపము అధ్యయనము కావలెను. మన పరిశోధకవిద్యార్థులు తహసీలు కచేరీలలోని పాత పహాణీలను, సేత్వారులను చదువవలెను. గ్రామవృద్ధులనుండి భూమిమాటలను సేకరింపవలెను. మునిగిన ఊళ్ళ పేర్లను, గట్ల పేర్లను, చెలకల పేర్లను వ్రాసియుంచవలెను. ఉర్దూ, పారసీకములు నేర్చినవారు ఇంకొక అడుగు వేసి అరబ్బీ నేర్చినచో పాలస్తీనా సాహిత్యము ఆంగ్లము చాటునుండి కాక నేరుగా తెలుగులోనికి రాగలదు. ఆ విద్యార్థి ప్రశ్నకు అపుడు ఉపాధ్యాయుడు ఇట్లు చెప్పవచ్చును: పాలస్తీనా రైతు మన చుట్టము కాడు, మన భాషవాడు కాడు; కాని మన తాతలను షిక్మీదారులుగా వ్రాసిన పుస్తకమువంటి పుస్తకమే అతనిని గాయబని వ్రాసినది. చదువుకొన్నవారి పని అతనిని తిరిగి హాజరు పట్టికలో చేర్చుట.