ముందు బ్రేకు మీద మోపిన నింద: హ్యాండిల్ మీదుగా పడే ప్రమాదం కథ



పెనుకొండ కొండ వైపు నుంచి ఊళ్లోకి దిగే బాటలో సైకిల్ తొక్కవలసిన పని లేదు. ఆపగలగడమే పని. 1980వ దశకం తొలి సంవత్సరాలలో నేను ఆ ప్రాంతంలో ప్రభుత్వ వైద్యుడిగా ఉన్నప్పుడు, ఒక సాయంత్రం పద్నాలుగేళ్ల బాలుణ్ణి తండ్రి ఎత్తుకొని తెచ్చాడు. వాలులో వస్తుండగా మేక అడ్డం వచ్చిందట. బాలుడు కుడిచేతి బ్రేకును శక్తికొద్దీ నొక్కాడు. ముందు చక్రం నిలిచిపోయింది, వెనుక చక్రం గాలిలోకి లేచింది, పిల్లవాడు హ్యాండిల్ మీదుగా ఎగిరి నేల మీద పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది, గడ్డం చీలింది.

గడ్డానికి కుట్లు, చేతికి కట్టు వేసి పంపుతూ తండ్రికి ఒక సలహా ఇచ్చాను: "ఇకపై ముందు బ్రేకు ముట్టుకోవద్దని చెప్పండి." ఆనాడు అందరూ చెప్పే మాటే అది. ఈనాటికీ చాలామంది తల్లిదండ్రులు పిల్లలకు చెబుతున్న మాట కూడా అదే. అది తప్పని తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఎలా తెలిసిందో తరువాత మనవి చేస్తాను. ముందుగా ఈ భయం ఎక్కడ పుట్టిందో చూద్దాం.

ఎత్తు చక్రాల కాలం

1817లో జర్మనీకి చెందిన కార్ల్ ఫాన్ డ్రైస్ రెండు చక్రాల బండిని నడిపి చూపాడు. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. 1860లలో ఫ్రాన్సులో ముందు చక్రానికే పెడళ్లు అమర్చారు. పెడలు ఒకసారి తిరిగితే చక్రమూ ఒకసారే తిరుగుతుంది కనుక, ఎక్కువ దూరం పోవాలంటే చక్రం పెద్దదిగా ఉండాలి. ఆ విధంగా 1870లలో ఇంగ్లండులో ఎత్తు చక్రాల సైకిళ్లు వచ్చాయి. కవెంట్రీ పట్టణానికి చెందిన జేమ్స్ స్టార్లీ వాటి రూపకల్పనలో పేరు పొందాడు. ముందు చక్రం మనిషి భుజాల దాకా వచ్చే ఎత్తు, వెనుక చక్రం చిన్నది. తొక్కేవాడు దాదాపు ముందు ఇరుసుకు నేరుగా పైన కూర్చునేవాడు.

చక్రానికి రాయి తగిలినా, గుంటలో పడినా, బ్రేకు గట్టిగా పడినా మనిషి ఆ ఇరుసు చుట్టూ తిరిగి తలకిందులుగా పడేవాడు. కాళ్లు హ్యాండిల్ కింద చిక్కుకొని ఉండటం వల్ల మొదట నేలను తాకేది తల. ఇంగ్లీషువారు ఆ పడటానికి 'హెడర్' అని పేరు పెట్టారు. వాలు దిగేటప్పుడు అనుభవజ్ఞులు రెండు కాళ్లనూ హ్యాండిల్ పైనుంచి ముందుకు వేలాడదీసేవారు. పడక తప్పకపోతే కాళ్ల మీదనైనా పడవచ్చునని వారి జాగ్రత్త. ఇటువంటి సైకిల్ మీదనే థామస్ స్టీవెన్స్ 1884లో ప్రపంచయాత్రకు బయలుదేరి, 1886లో లాహోరు నుంచి కలకత్తా వరకు మన దేశపు రహదారి మీద ప్రయాణించాడు.

1885లో జేమ్స్ స్టార్లీ అన్న కొడుకో తమ్ముడి కొడుకో అయిన జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సైకిల్‌ను తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు సమానం, చైను వెనుక చక్రాన్ని తిప్పుతుంది, మనిషి రెండు చక్రాల నడుమ కిందుగా కూర్చుంటాడు. ఆ తరహా సైకిల్‌కు 'సేఫ్టీ' అనే పేరే స్థిరపడింది. మరి దేని నుంచి రక్షణ? ప్రధానంగా ఈ తలకిందులు పడటం నుంచే. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందాక కుదుపులూ తగ్గాయి. మనం నేటికీ తొక్కుతున్నది ఆ రోవర్ వంశానికి చెందిన సైకిలే.

ప్రమాదం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఎందుకో చిన్న లెక్కతో చెబుతాను.

సగం, పావు లెక్క

సైకిల్, మనిషి కలిసిన బరువంతా ఒకే బిందువు వద్ద ఉన్నదనుకోండి. నిటారుగా కూర్చున్న పెద్దవారి విషయంలో ఆ బిందువు నేల నుంచి సుమారు 1.1 మీటర్ల ఎత్తున, ముందు చక్రం నేలను తాకే చోటుకు సుమారు 0.6 మీటరు వెనుకగా ఉంటుంది. ముందు బ్రేకు వేసినప్పుడు నేల చక్రాన్ని పట్టి ఉంచుతుంది, పైనున్న బరువు ముందుకే సాగాలని చూస్తుంది. ఆ బరువును భూమ్యాకర్షణ కిందికి లాగుతూ వెనుక చక్రాన్ని నేలపై నిలుపుతుంది. 0.6ను 1.1తో భాగిస్తే సగానికి కాస్త ఎక్కువ వస్తుంది. అంటే వేగం తగ్గే తీవ్రత భూమ్యాకర్షణ త్వరణంలో సుమారు సగాన్ని దాటితే వెనుక చక్రం లేస్తుంది. వాలులో ఈ హద్దు ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు రెండవ సంగతి. వెనుక బ్రేకు ఒక్కటే వేస్తే, బరువు ముందుకు మళ్లి వెనుక చక్రం తేలికపడి జారుతుంది. దానితో సాధించగలిగేది సుమారు పావు మాత్రమే. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో, పొడిగా ఉన్న సమతలం మీద పోతున్నవారు రెండు బ్రేకులనూ చక్కగా వాడితే సుమారు రెండున్నర మీటర్లలో ఆగగలరు. వెనుక బ్రేకుతో మాత్రమే అయితే అయిదు మీటర్లు కావాలి. ఆ తేడా రెండున్నర మీటర్లు. ఒక ఎద్దుల బండి వెనుక భాగం, ఒక లారీ, ఒక గోడ ఉండటానికి ఆ దూరం చాలు.

మన ఊళ్ల సైకిల్

స్వాతంత్ర్యం వచ్చాక సైకిల్ మన సామాన్యుడి వాహనమైంది. మద్రాసు అంబత్తూరులో 1949లో టి.ఐ. సైకిల్స్, సోనీపత్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో సైకిళ్ల తయారీని ప్రారంభించాయి. ఆ నల్లని బరువైన సైకిళ్లకు కమ్మీల బ్రేకులు ఉండేవి. మీట నొక్కితే కమ్మీ పైకి లాగి, రబ్బరు ముక్కలను రిమ్ముకు లోపలి వైపు అదుముతుంది. ఇనుప రిమ్ము తడిస్తే ఆ పట్టు బాగా పడిపోతుంది.

హిందూపురం బెల్లం, మిరప, చింతపండు వ్యాపారానికి పేరుపొందిన ఊరు. ధర్మవరం పట్టుచీరలది. రెండు చోట్లా నేను చూసిన సైకిల్ ఒక మనిషి వాహనం కాదు, ఒక కుటుంబపు బండి. క్యారియర్ మీద బెల్లం బస్తా, లేదా చీరల మూట, లేదా పాలక్యాన్లు. ముందు కమ్మి మీద చిన్నపిల్లవాడు. హ్యాండిల్‌కు వేలాడే సంచి. పై లెక్కను వీటికి అన్వయించండి. క్యారియర్ మీద బరువుంటే తలకిందులు కావడం కష్టమే కానీ, ఆపవలసిన బరువు పెరిగి ఆగే దూరం పెరగవచ్చు. ముందు కమ్మి మీద పిల్లవాడు కూర్చుంటే బరువు ముందుకు జరిగి, తలకిందులు కావడం తేలికవుతుంది. హ్యాండిల్‌కు తగిలించిన సంచి ఊగి ముందు చక్రపు పుల్లలలో ఇరుక్కుంటే బ్రేకు ముట్టకుండానే చక్రం బిగుసుకుంటుంది. ధర్మవరంలో నేను కుట్లు వేసిన ఇటువంటి గాయాలలో కొన్నింటికి కారణం బ్రేకు కాదు, సంచి. అయినా ఇంటికి వెళ్లాక నింద ముందు బ్రేకు మీదే పడేది.

నా సలహా ఏమైంది

పెనుకొండ బాలుడి సంగతికి వస్తాను. ఎనిమిది నెలల తరువాత, వాన వెలిసిన ఒక ఉదయం, ఆ తండ్రే అదే బిడ్డను మళ్లీ తెచ్చాడు. ఈసారి తొడ ఎముక విరిగింది. అదే వాలు, తడిసిన రిమ్ము, ఆగి ఉన్న లారీ. వెనుక బ్రేకును చివరిదాకా నొక్కానని, సైకిల్ జారుకుంటూ పోయిందని పిల్లవాడు చెప్పాడు. ముందు బ్రేకు ఎందుకు వేయలేదని అడిగాను. తండ్రి బదులిచ్చాడు: "మీరు చెప్పినారని ఆ పొద్దే దాన్ని పీకించేసినా సార్."

ఆ మాటలో కోపం లేదు. నాకు మర్యాద ఇస్తూ చెప్పిన మాట అది. ఆయన వేరుశనగ పండించే చిన్న రైతు. డాక్టరు చెప్పిన మాటను అక్షరాలా పాటించాడు. బాలుణ్ణి పెద్ద ఆసుపత్రికి పంపించాము. మూడు నెలలకు నడిచాడు, కానీ ఆ కాలు దాదాపు అంగుళం పొట్టిదైంది. పోలీసు ఉద్యోగంలో చేరాలని అతని కోరిక. అది తీరలేదు.

నేను మణికట్టుకు చేసిన చికిత్స సరైనదే. సైకిల్‌కు చేసిన చికిత్స తప్పు. ఎత్తు చక్రాల కాలంలో ముందు బ్రేకును చూసి భయపడటం న్యాయమే. సైకిల్ మారినా ఆ భయం మారలేదు. దానిని పరీక్షించకుండా నేను కూడా ముందుకు అందించాను.

పడినప్పుడు శరీరానికి జరిగేది

హ్యాండిల్ మీదుగా పడేవారు సహజంగా చేతులు చాస్తారు. అందుకే మణికట్టు, కాలర్ ఎముక ఎక్కువగా విరుగుతాయి. మణికట్టు పైన విరిగే ఒక రకాన్ని డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు అబ్రహాం కొల్లీస్ 1814లోనే, ఎక్స్‌రే కనుగొనడానికి ఎనభై ఏళ్ల ముందే, వర్ణించాడు. బొటనవేలి మొదట్లో ఉండే స్కఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగితే మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అక్కడ నొక్కితే నొప్పి ఉన్నప్పుడు 'బెణుకు' అని వదిలేయవద్దు. కట్టు వేసి పది, పద్నాలుగు రోజులకు మళ్లీ పరీక్షించాలి.

పిల్లలలో హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకోవడం మరింత మోసకరమైనది. పైన చిన్న గుండ్రని కమిలిన మచ్చ మాత్రమే ఉంటుంది. లోపల క్లోమం, ఆంత్రమూలం, కాలేయం లేదా ప్లీహం దెబ్బతిని ఉండవచ్చు. వాంతులు, పొట్టనొప్పి మరునాడో ఆ తరువాతో మొదలుకావచ్చు.

తల సంగతి చెప్పడానికి ఇంకొక చరిత్ర ఉంది. 1935 మే నెలలో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ మోటారుసైకిల్ మీద పోతూ, సైకిళ్ల మీదున్న ఇద్దరు బాలురను తప్పించబోయి, హ్యాండిల్ మీదుగా ఎగిరిపడ్డాడు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. తరువాతి సంవత్సరాలలో ఆయన మోటారుసైకిల్ ప్రమాదాలలోని తల గాయాలను అధ్యయనం చేసి, హెల్మెట్ ప్రాణాలు కాపాడుతుందని 1941లో ప్రచురించారు. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం తన మోటారుసైకిల్ వార్తాహరులకు హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. ఒక మరణాన్ని చూసిన వైద్యుడు పాత అలవాటును ప్రశ్నించాడు. నేను చేయవలసిన పనీ అదే.

మీరు చేయవలసినవి

ఈ రోజు విషయం మరింత అవసరమైనది. 'బడికొస్తా' పథకం కింద మన రాష్ట్రంలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చింది. పట్టణాలలో పిల్లలు డిస్క్ బ్రేకుల సైకిళ్లు కొంటున్నారు. తాతగారి కమ్మీల బ్రేకును గుప్పిటతో పిండవలసి వచ్చేది. డిస్క్ బ్రేకుకు రెండు వేళ్లు చాలు. పాత సైకిల్ మీద నేర్చిన చెయ్యి కొత్త సైకిల్ మీద అదే బలంతో నొక్కితే పల్టీ తప్పదు. కనుక:

మొదట, ఏ చేతి బ్రేకు ఏ చక్రానిదో చూడండి. మన దేశంలో సాధారణంగా కుడిది ముందు చక్రానిది. అద్దె సైకిల్, అరువు సైకిల్ ఎక్కినప్పుడు తప్పక చూడండి.

రెండు బ్రేకులనూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి, క్రమంగా బలం పెంచుతూ వేయండి. ఒక్కసారిగా పిండవద్దు.

బ్రేకు వేస్తూ నడుమును సీటు మీద వెనక్కి జరపండి, చేతులతో హ్యాండిల్‌ను గట్టిగా ఆనించి పట్టుకోండి. చేతులు వదులుగా ఉంటే శరీరమే ముందుకు జారి తలకిందులు చేస్తుంది. వెనుక చక్రం తేలినట్టు, జారినట్టు అనిపించగానే ముందు బ్రేకును కాస్త వదలండి.

మలుపులో, ఇసుకలో, తడి మట్టిలో ముందు బ్రేకును గట్టిగా వేయవద్దు. వేగాన్ని అంతకు ముందే తగ్గించుకోండి. వాలును మొదటి నుంచే నెమ్మదిగా దిగండి.

హ్యాండిల్‌కు సంచి, గొడుగు తగిలించవద్దు. అరిగిన బ్రేకు రబ్బర్లను మార్పించండి. హ్యాండిల్ చివర రబ్బరు పట్టు ఊడిపోతే ఆ రోజే కొత్తది వేయించండి. హెల్మెట్ పెట్టుకోండి.

పడిన తరువాత పొట్టనొప్పి, ఆగని వాంతులు, మత్తు, తలనొప్పి పెరగడం, మాట తడబడటం, కాసేపు బాగుండి మళ్లీ మగతలోకి జారడం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి. శాశ్వత దంతం ఊడితే వేరును ముట్టకుండా పైభాగాన్ని పట్టుకొని, పాలలో వేసి, గంటలోపు దంతవైద్యుని వద్దకు చేర్చండి.

ఈ ఆదివారం మీ పిల్లలను ఖాళీ మైదానానికి తీసుకువెళ్లి, నెమ్మది వేగంతో రెండు బ్రేకులనూ వేయడం పదిసార్లు సాధన చేయించండి. ముందు బ్రేకును పీకించవద్దు. ఎవరైనా పీకించమంటే, అది డాక్టరు మాటైనా సరే, కారణం అడగండి.

ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. గాయం తగిలినప్పుడు మీ వైద్యుని సలహాయే మీకు ప్రమాణం.