విడిచిన ఊపిరి

పాడువడిన బావిలోనికి దిగుటకు ముందు త్రాటికి దీపము గట్టి దించి చూచుట మన పల్లెలయందు పూర్వాచారము. దీపమాఱినచో దిగరాదు. నా బాల్యమున మా యూర నొకడు ఈ యాచారమును లెక్కసేయక దిగి కూలెను. వానిని తీయబోయిన తమ్ముడును మరల పైకి రాలేదు. భూతము పట్టినదని జనులనిరి. అట్టి బావులలోని భూతము చాలవఱకు బొగ్గుపులుసు వాయువని పిదప చదివి తెలిసికొంటిని.

మనము పీల్చు గాలిలో నీ వాయువు పదివేలకు 4 పాళ్ళు మాత్రమే. విడుచు గాలిలో నూటికి సుమారు 4 పాళ్ళు. విడిచిన గాలినే శుభ్రపఱచి మరల పీల్చినచో గాలిగొట్టము లేకయే నీట మునిగి తిరుగవచ్చునని ఇంగ్లాండు దేశీయుడగు హెన్రీ ఫ్లూసు తలంచెను. 1878-79లో నాతడు నిర్మించిన సాధనమున ప్రాణవాయువు నింపిన పాత్రయు, రబ్బరు సంచియు, పొటాష్ క్షారమున తడిపిన త్రాటిపోగులును గలవు. ఆ పోగులు బొగ్గుపులుసు వాయువును హరించును.

1879లో సెవర్ను నది క్రింద త్రవ్వుచున్న రైలు సొరంగమున ఊట పొంగి పని నిలిచెను. 1880లో అలెగ్జాండరు లాంబర్టు గాలిగొట్టము నీడ్చుకొని పోలేక మొదట మరలివచ్చెను; పిదప ఫ్లూసు సాధనము ధరించి, చీకటి నీటిలో సుమారు 1000 అడుగులు నడచి, ఇనుప తలుపును మూసెను.

మన శ్వాసను నడుపునది ముఖ్యముగా రక్తమందలి బొగ్గుపులుసు వాయువేయని 1905లో హాల్డేను, ప్రీస్ట్లీ పండితులు నిరూపించిరి. లోతున దీని ప్రభావ మధికము: 33 అడుగుల లోతున పీడనము రెట్టింపగుటచే, అచ్చట నూటికి 3 పాళ్ళు ఒడ్డున 6 పాళ్ళతో సమానము.

ఇచట నొక విశేషము గమనింపుడు. క్షారము చెల్లిపోయినను సంచిలో ప్రాణవాయువు పుష్కలముగా నుండును. అట్టి గాలిలో దీపము చక్కగా వెలుగును. మనుష్యుడు మాత్రము రొప్పును, తలనొప్పి పొందును, బుద్ధి కలతపడి తుదకు స్మృతి తప్పును. కలతపడిన బుద్ధి తన కలతను తానే గుర్తింపజాలదు. అందుచే నేడు సోడా సున్నమును వాడి, వాడిన కాలమును లెక్కించి మార్చుచున్నారు. కొన్ని సాధనములయందు సున్నపు వేడిమిని గాని, వాయువును గాని కొలుచు యంత్రములు గలవు. అవియు పొరపడవచ్చును గావున, సందేహము కలిగినంతనే వేఱు సీసా గాలిని పీల్చుచు పైకి రావలెనని శిక్షణ నిత్తురు.

బావికైనను సముద్రమునకైనను నీతి యొక్కటే. దిగకముందే పరీక్షింపుడు. ఒకడు కూలినచో, ప్రేమచేతనైనను రెండవవానిని వట్టిచేతులతో దింపకుడు.