కిల్ట్ ఎంపిక: కొద్ది డబ్బుకు మంచి బట్ట

కిల్ట్ అంటే స్కాట్లండ్ మగవారు నడుముకు చుట్టి మోకాలి మధ్య దాకా కట్టుకునే ఉన్ని వస్త్రం. ముందు రెండు పొరలు ఒకదాని మీద ఒకటి చదునుగా పడతాయి. వెనకంతా కుచ్చెళ్లు. పక్కల తోలు పట్టీలతో బిగిస్తారు. ఆ బట్ట మీది గళ్ల నేతకు టార్టన్ అని పేరు. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ల నుంచి గ్లాస్గోకో ఎడిన్‌బరాకో చదువుకు వెళ్లే పిల్లలకు పట్టా పుచ్చుకునే రోజునో, స్నేహితుడి పెళ్లికో దాన్ని కట్టాలని ఉంటుంది. ధర విని కొందరు వెనకాడతారు. పరాయి వంశపు గళ్లు మనం కట్టుకోవచ్చునా అని ఇంకొందరు జంకుతారు. ఈ రెండో జంకు అక్కర్లేదని కిల్ట్ చరిత్రే చెబుతుంది.

16వ శతాబ్దం చివరినాటికి హైలాండ్స్ అనే కొండసీమలో మగవారు పొడవాటి ఉన్ని దుప్పటిని కుచ్చెళ్లు పెట్టి నడుముకు బెల్టుతో బిగించి, మిగిలిన భాగాన్ని భుజం మీద వేసుకునేవారు. పగలు వానకు అడ్డం, రాత్రి కప్పుకోవడానికి దుప్పటి అదే. 18వ శతాబ్దం తొలి దశకాల్లో పై భాగం పోయి కింది భాగం మిగిలింది. నేటి కిల్ట్‌కు మూలం అది.

1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ మైదానంలో జాకోబైట్లు ఓడిపోయారు. స్టూవర్ట్ వంశాన్ని మళ్లీ గద్దెనెక్కించాలని తిరగబడ్డవారు వీరు. వారి సైన్యంలో హైలాండర్లే ఎక్కువ. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు హైలాండ్ దుస్తులను నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ల ద్వీపాంతరవాసం. సైన్యంలో ఉన్నవారికి మాత్రం మినహాయింపు. 1782లో చట్టం రద్దయ్యేదాకా, 36 ఏళ్లపాటు, కిల్ట్‌ను బతికించింది దాన్ని నిషేధించిన ప్రభుత్వపు సైన్యమే. ఆ సైన్యంలోని బ్లాక్ వాచ్ పటాలం ధరించిన ముదురు ఆకుపచ్చ, నీలం, నలుపు గళ్లు ఇప్పటికీ దుకాణాల్లో అందరూ అడిగే రకం. ఒక జాతి బట్టను దొంగసొత్తులా చూసిన ఆ చట్టం గురించి తెలుసుకోకుండా కిల్ట్ కట్టడం అన్యాయం.

1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరాకు వచ్చాడు. ఆ వేడుకలన్నీ నడిపించిన నవలాకారుడు వాల్టర్ స్కాట్ పెద్దలందరినీ టార్టన్‌లో రమ్మన్నాడు. రాజు కూడా కిల్ట్ కట్టాడు. అంతకుముందు హైలాండర్లను మోటువారిగా చూసిన మైదానప్రాంతపు వాళ్లు సైతం ఎగబడి కొన్నారు. బానక్‌బర్న్‌లోని విల్సన్ నేత సంస్థకు చేతినిండా పని దొరికింది. వంశానికో టార్టన్ అన్న పద్ధతి గట్టిపడింది ఈ కాలంలోనే. 1842లో ప్రాచీన రాతప్రతి ఆధారమంటూ వెలువడిన ‘వెస్టియారియం స్కోటికం’ అనే టార్టన్ల గ్రంథం కల్పితమని తర్వాత తేలింది. అయినా అందులోని గళ్లు కొన్ని నేటికీ వంశ టార్టన్లుగా చెలామణీ అవుతూనే ఉన్నాయి.

కనుక ఫలానా గళ్లు ఫలానావారే కట్టాలన్న చట్టం లేదు. 2009లో మొదలైన స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టన్స్ నమూనాలను నమోదు చేస్తుంది తప్ప, ఎవరు ఏది కట్టారో చూడదు. రాజకుటుంబానికే ప్రత్యేకించిన బాల్మోరల్ వంటి కొన్నిటిని మర్యాద కొద్దీ వదిలేయాలి. బ్లాక్ వాచ్, రాయల్ స్టూవర్ట్, ఊళ్ల పేరిటా జిల్లాల పేరిటా ఉన్న టార్టన్లు ఎవరైనా కట్టవచ్చు. సిక్కుల కోసం సింగ్ టార్టన్ కూడా ఉంది.

ఇక ధర సంగతి. ఖరీదు ఎక్కువయ్యేది మూడింటి వల్ల: బట్ట పొడవు, ఉన్ని బరువు, చేతికుట్టు. సంప్రదాయ కిల్ట్‌కు 8 గజాలు, అంటే సుమారు 7.3 మీటర్ల బట్ట పడుతుంది. గజానికి 16 ఔన్సుల ఉన్ని బరువుగా వేలాడి, నడకకు తగ్గట్టు ఊగుతుంది. చేతితో కుట్టినదైతే 400 పౌండ్ల పైమాటే. 5 గజాల కిల్ట్‌కు కుచ్చెళ్లు లోతు తక్కువ, ధరా తక్కువ. మామూలు వాడకానికి అది చాలు. పాలిస్టర్, విస్కోస్ కలిసిన బట్టతో మెషిన్ కుట్టినవి 100 పౌండ్ల లోపు దొరుకుతాయి, ఇంట్లో ఉతుక్కోవచ్చు కూడా. హైదరాబాద్‌లో కట్టే ఉద్దేశముంటే 16 ఔన్సుల ఉన్ని వద్దు. 10, 11 ఔన్సులది నయం.

చవకలో మంచిది తెలుసుకోవాలంటే వెనక్కి తిప్పి చూడాలి. కుచ్చెళ్లు మూసి ఉన్నప్పుడు గళ్ల వరస తెగకుండా సాగిందంటే కుట్టినవారికి పని వచ్చు. అడుగున మడిచి కుట్టకుండా నేత అంచే ఉంటే అది సరైన కిల్ట్. చారిటీ షాపుల్లో పాత ఉన్ని కిల్టులు వస్తుంటాయి, అద్దె దుకాణాలు వాడినవాటిని అమ్మేస్తుంటాయి. కొత్త పాలిస్టర్ కన్నా పాత ఉన్నే మేలు. నడుము కొంచెం అటూ ఇటూ అయినా పట్టీలు జరిపి కుట్టించవచ్చు. పొడవు మాత్రం మొదటే సరిపోవాలి. ప్యాంటు సైజు చెప్పి కొనకూడదు, కిల్ట్ కట్టేది బొడ్డు దగ్గర. అక్కడి చుట్టుకొలత, పిరుదుల కొలత, బొడ్డు నుంచి మోకాలి మధ్యకు పొడవు, ఈ మూడూ బయల్దేరే ముందు నారాయణగూడ దర్జీ దగ్గరైనా తీయించుకోవచ్చు.

మామూలు రోజుకొకటి, వేడుకకొకటి కొననక్కర్లేదు. ఒకే పంచె చొక్కాతో ఒక తీరుగా, లాల్చీ కండువాతో మరో తీరుగా ఉన్నట్టే ఇదీ. టీషర్టు, స్వెటర్, బూట్లు, ముందు వేలాడే సాదా తోలుసంచి స్పోరాన్‌తో వీధిలోకి వెళ్లవచ్చు. పగటి పెళ్లికి ట్వీడ్ కోటు, టై. రాత్రి విందుకు వెండి గుండీల పొట్టి నల్లకోటు ప్రిన్స్ చార్లీ, బో టై, బొచ్చు స్పోరాన్. ఏడాదికోసారి వేసే ఆ కోటును అద్దెకు తెచ్చుకుని, డబ్బు కిల్ట్ మీద పెట్టడమే తెలివి. ఒక్కరోజు పట్టా ఉత్సవానికైతే మొత్తం అద్దెకే తీసుకోవచ్చు.

మేజోడులో దోపే చిన్న కత్తి స్కీన్ డూను జాతీయ వేషంలో భాగంగా ధరించడానికి స్కాట్లండ్ చట్టం ఒప్పుకుంటుంది, విమానంలో మాత్రం చేతిసంచిలో పెట్టకూడదు. ఉన్ని కిల్ట్‌ను వాషింగ్ మెషిన్‌లో వేయకూడదు. కుచ్చెళ్లను పెద్దపెద్ద టాకాలతో బిగించి, చుట్టచుట్టి, కలరా ఉండలతో పెట్టెలో పెడితే పురుగు పట్టదు.