మూడు పాయింట్ల తేడా

1874 సెప్టెంబర్ 26, న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మోర్. దూరం 800, 900, 1000 గజాలు. అమెరికా జట్టు చేతిలో వెనకనుంచి తూటా పెట్టే కొత్త రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్ళు. ఐర్లండ్ వాళ్ళవి రిగ్బీ రైఫిళ్ళు: ప్రతి షాట్‌కీ గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు దించాలి. 934-931తో అమెరికా గెలిచింది. దాంతో కొత్త తుపాకీదే పైచేయి అనేశారు.

కానీ ఐరిష్ షూటర్ మిల్నర్ ఒక గుండుని పొరపాటున వేరే టార్గెట్ నడిమధ్యన దించాడు. నాలుగు రావాల్సిన చోట సున్నా! సొంత టార్గెట్‌కి తగిలుంటే 935, గెలుపు ఐర్లండ్‌ది. తుపాకీ మాత్రం చూపించిన చోటే కొట్టింది. మూతిలోంచి నింపే పద్ధతి ఎలాగూ పోయేదే, సైన్యాలు అప్పటికే దాన్ని వదిలేస్తున్నాయి. అయినా దాని ఓటమికి ఈ స్కోరుని సాక్ష్యంగా చూపిస్తే మిల్నర్ కంటి పొరపాటుని రిగ్బీ ఖాతాలో రాసినట్టే.