బేస్ గిటారు ధ్వనిముద్రణలో సమస్థాయి

బేస్ గిటారు ధ్వనిముద్రణలో సమస్థాయి అనగా మంద్రస్వరాలన్నీ ఇంచుమించు ఒకే బిగ్గరతనంతో వినబడునట్లు ముద్రించుట. ఫెండర్ సంస్థ 1951లో విడుదల చేసిన ప్రెసిషన్ బేస్‌తో ఈ విద్యుత్ వాద్యం వ్యాప్తిలోకి వచ్చింది. దీని నాలుగు ఖాళీ తంత్రుల పౌనఃపున్యాలు సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్‌లు. ఇంటిలో ముద్రించినపుడు కొన్ని స్వరాలు ఉబికి, కొన్ని అణగి వినబడుట సాధారణం. ఈ లోపం ముద్రణలో ఉన్నదా, వినే గదిలో ఉన్నదా అనేది ముందుగా తేల్చుకొనవలెను.

గది ప్రభావం

కర్నూలు, కడప ప్రాంతాల ఇళ్ళలో నాపరాతి నేలలు విరివిగా కనిపిస్తాయి. బేతంచెర్ల, ఎర్రగుంట్ల ఈ రాతికి ప్రసిద్ధి. రాతి నేల, గట్టి గోడలు, కాంక్రీటు కప్పు మంద్రధ్వనిని పీల్చుకొనక పరావర్తనం చేస్తాయి. ఎదురెదురు గోడల నడుమ దూరాన్ని రెట్టించి, దానితో ధ్వనివేగాన్ని భాగించగా ఆ గది అనునాద పౌనఃపున్యం వస్తుంది. 31 డిగ్రీల సెల్సియస్ వద్ద ధ్వనివేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. కనుక 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల గదిలో 44, 58 హెర్ట్జ్‌ల వద్ద అనునాదం కలుగుతుంది. ఇవి ఈ, ఏ తంత్రులపై మొదటి మెట్టు స్వరాలు. ఆ స్వరాలు గోడల చెంత బిగ్గరగా, గది నడుమ బలహీనంగా వినబడతాయి.

వాద్యాన్ని తీగ ద్వారా నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కు కలిపితే గది ప్రభావం ముద్రణలో చేరదు. మీటరులో సమంగా ఉండి, స్పీకర్లలో హెచ్చుతగ్గులు వినబడితే దోషం గదిదే. హెడ్‌ఫోనులో సరిచూడవలెను. బొంతలు, పరదాలు ఇంత తక్కువ పౌనఃపున్యాలను అణచలేవు.

వాద్యం, వాదనం

చూపుడువ్రేలు, నడిమివ్రేలు మీటే బలంలో తేడా, పాతబడిన తంత్రులు ముఖ్య కారణాలు. ఒక తంత్రి మాత్రమే బిగ్గరగా ఉంటే ఆ వైపు పికప్‌ను మర త్రిప్పి క్రిందికి దింపవలెను.

ముద్రణ, కంప్రెసర్

24 బిట్ల ముద్రణలో శిఖరాలు పూర్తిస్థాయికి సుమారు 10 డెసిబెళ్ళు దిగువన ఉంటే చాలును. త్రెషోల్డ్ అనబడు పరిమితిని మించిన ధ్వనిని కంప్రెసర్ తగ్గిస్తుంది. నిష్పత్తి 4:1 అయితే, పరిమితిని 8 డెసిబెళ్ళు మించిన ధ్వని 2 డెసిబెళ్ళు మాత్రమే మించి వెలువడుతుంది. స్పందన సమయాన్ని 20 నుండి 40 మిల్లీసెకన్లు ఉంచితే మీటు స్పష్టత నిలుస్తుంది. అప్పటికీ మిగిలిన స్వరాలను విడివిడిగా సవరించవచ్చును. అయితే గది దోషాన్ని ముద్రణదిగా భావించి స్వరాన్ని తగ్గిస్తే, ఇతరుల ఇంట ఆ స్వరం లోపించినట్లు వినబడుతుంది.