ఒకే చీటీలో రెండు మందులు

ఇక్కడ హాయిల్‌లో కీళ్లవాతంతో వచ్చే రోగులకు మేము తరచు రెండు మందులు కలిపి రాస్తుంటాము. వారానికొకసారి మెథోట్రెక్సేట్, దానికి తోడు ఫోలిక్ ఆమ్లం. మొదటిది దారితప్పిన రోగనిరోధక శక్తిని అదుపు చేస్తుంది. రెండవది ఆ మందు చేసే చెరుపును తగ్గిస్తుంది. ఈ రెండింటి కథలోనూ మన తెలుగువాడున్నాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే గ్రహణి వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. తనకూ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1922లో అమెరికా చేరారు.

హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1940లో లెడర్లే సంస్థలో చేరారు. 1945లో అక్కడి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. ఆకుకూరల్లో ఉండే ఆ పదార్థమే స్ప్రూ రోగులకు మందయింది! దాని నిర్మాణాన్ని కొద్దిగా మార్చి అదే బృందం చేసిన అమినోప్టెరిన్‌తో ఫార్బర్ 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా అణచగలిగారు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. స్వదేశం మళ్లీ చూడనేలేదు.

ఆయుర్వేదం గొప్పదా, ఇంగ్లీషు వైద్యం గొప్పదా అని మన పిల్లలు అడిగితే, మేము ఈ చీటీ చూపి ఆయన కథ చెబుతాము.