కొండకూ కడలికీ మధ్య అసీర్

1834లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ పంపిన సైన్యం తాయిఫ్ నుంచి దక్షిణంగా అసీర్ కొండల మీదికి నడిచింది. ఆ సైన్యపు ప్రధాన వైద్యుడికి కార్యదర్శిగా మోరిస్ తమిజియే అనే ఫ్రెంచి యువకుడు వెంట వెళ్లాడు. ఆ ప్రయాణాన్ని అతడు 1840లో పుస్తకంగా వెలువరించాడు. అసీర్‌ను కళ్లారా చూసి రాసిన తొలి యూరోపియన్ రచనల్లో అది ఒకటి. ఒక ప్రాంతాన్ని లొంగదీయడానికి వెళ్లిన సైన్యం వెంట నడిచినవాడి మాటల్లోనే ఆ ప్రాంతం తొలిసారి బయటి లోకానికి తెలిసింది. అసీర్ చరిత్రలో ఈ స్థితి తరువాత కూడా చాలాకాలం మారలేదు. అక్కడి సంగతులు ఎక్కువగా దండెత్తి వచ్చినవారి పుస్తకాల్లోనో, బేరానికి వచ్చినవారి నివేదికల్లోనో దొరుకుతాయి.

అసీర్ రాజధాని అభా సముద్రమట్టానికి దాదాపు 2,200 మీటర్ల ఎత్తున, సరవాత్ పర్వతశ్రేణి మీద ఉంది. అరేబియా ద్వీపకల్పంలో ఎక్కువ భాగానికి లేని వాన ఈ నైరుతి మూలకు ఉంది. వాలులను మెట్లుగా చెక్కి గోధుమ, బార్లీ పండించారు. పాత ఇళ్ల మట్టిగోడల నుంచి పలకరాళ్లు వరుసలు వరుసలుగా బయటికి పొడుచుకుని ఉంటాయి. వాన దెబ్బకు గోడ కరిగిపోకుండా చేసిన ఏర్పాటది. ఎడారి దేశంలో వానకు భయపడి కట్టిన ఇల్లు కనబడితే, అది ఎడారి కాదని వేరే చెప్పనక్కరలేదు. ఈ కొండలు పడమటి వైపు ఒక్కసారిగా తెగి, రెండువేల మీటర్ల దిగువన తిహామా అనే వేడి తీరమైదానంలో కలుస్తాయి. అక్కడ జొన్న పండుతుంది. జీజాన్, ఖున్‌ఫుదా రేవులున్నాయి. ఎదురుగా ఎర్రసముద్రంలో ముత్యాలకు పేరుపడ్డ ఫరసాన్ దీవులున్నాయి.

పంట, నీరు, రేవు, ఆయుధం పట్టగల జనం, శత్రువు ఎక్కలేని కొండ. విడిగా ఒక దేశమై వర్ధిల్లడానికి ఇంతకన్న ఏం కావాలని ఎవరికైనా అనిపిస్తుంది. అసీర్ విషయంలో ఇది ఊహకు వదిలేయవలసిన ప్రశ్న కాదు. సుమారు నూరేళ్ల వ్యవధిలో ఆ నేల రెండుసార్లు ఆ ప్రయత్నం చేసింది. మొదటిసారి కొండ మీది నుంచి, రెండోసారి సముద్రతీరం నుంచి.

మొదటి ప్రయత్నం ఆయిద్ వంశానిది. బనీ ముఘైద్ తెగకు చెందిన ఆయిద్ బిన్ మర్ఈ 1834 ప్రాంతంలో అధికారానికి వచ్చాడు. ఈజిప్టు సైన్యం కొండల్లోకి రాగలిగింది గాని నిలవలేకపోయింది. 1840లో యూరప్ రాజ్యాల ఒత్తిడికి మహమ్మద్ అలీ అరేబియా నుంచి తన బలగాలను వెనక్కి పిలిచాక, అసీర్ తన కాళ్ల మీద నిలబడ్డ రాజ్యమైంది. ఆయిద్ 1856 వరకు, అతని తరువాత కొడుకు మహమ్మద్ బిన్ ఆయిద్ ఏలారు. తెగల మధ్య పొత్తే ఆ రాజ్యానికి పునాది. కొండ దాన్ని కాపాడింది.

అయితే కొండరాజ్యానికి డబ్బు తీరం నుంచే రావాలి. సరుకు దిగేదీ సుంకం వసూలయ్యేదీ అక్కడే. 1870లో మహమ్మద్ బిన్ ఆయిద్ యెమెన్ తీరంలోని ప్రధాన రేవు హొదైదా మీదికి దండు నడిపాడు. అప్పటికి సూయజ్ కాలువ తెరుచుకుని ఏడాది అయింది. ఇస్తాంబుల్ నుంచి సైన్యాన్ని ఓడల మీద నేరుగా ఎర్రసముద్రంలోకి దింపడం ఒట్టోమన్లకు సులువైంది. వారు ఖున్‌ఫుదాలో దిగి కొండ ఎక్కారు. 1872లో మహమ్మద్ లొంగిపోయి ప్రాణం కూడా దక్కించుకోలేకపోయాడు. అసీర్ యెమెన్ విలాయత్‌లో ఒక జిల్లాగా, అభా దాని కార్యస్థానంగా మారాయి.

రెండో ప్రయత్నం కింది నుంచి వచ్చింది. మొరాకో నుంచి వచ్చి తిహామాలోని సబ్యాలో స్థిరపడి 1837లో అక్కడే కన్నుమూసిన సూఫీ గురువు అహ్మద్ ఇబ్న్ ఇద్రీస్‌కు తీరమంతటా గొప్ప గౌరవం ఉండేది. ఆయన మునిమనుమడు మహమ్మద్ అల్ ఇద్రీసీ కైరోలోని అల్ అజ్‌హర్‌లో చదివి తిరిగి వచ్చి, 1900ల తొలి దశాబ్దం చివర ఒట్టోమన్ల మీద తిరగబడ్డాడు. 1911లో ఒట్టోమన్లతో యుద్ధానికి దిగిన ఇటలీ అతనికి ఆయుధాలిచ్చింది. 1915 ఏప్రిల్‌లో బ్రిటిష్‌వారు అతనితో ఒప్పందం చేసుకున్నారు. మక్కా షరీఫ్ హుస్సేన్ పేరిట ప్రసిద్ధికెక్కిన అరబ్బు తిరుగుబాటుకు ఇది ఏడాదికి పైగా ముందు. మొదటి ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల పక్షాన చేరిన తొలి అరబ్బు పాలకుడిగా ఇద్రీసీని చరిత్రకారులు లెక్కిస్తారు. అయినా అతని పేరు సామాన్య పాఠకులకు చేరలేదు.

ఇద్రీసీకి తీరం చిక్కింది, కొండ చిక్కలేదు. 1910 చివర అతడు అభాను ముట్టడించాడు. నెలల తరబడి నగరం ఒట్టోమన్ దండుతో సహా దిగ్బంధంలో ఉంది. 1911లో ముట్టడిని విడిపించడానికి మక్కా నుంచి సైన్యంతో వచ్చినవాడు, విచిత్రంగా, అప్పటికింకా సుల్తానుకు విధేయుడుగా ఉన్న అదే షరీఫ్ హుస్సేన్. 1918లో ఒట్టోమన్లు వెళ్లిపోయాక అభాలో ఆయిద్ వంశీయుడు హసన్ బిన్ అలీ గద్దెనెక్కాడు. తీరంలో ఇద్రీసీ, కొండపైన ఆయిద్. ఒక నేలకు ఇద్దరు ప్రభువులు. పీఠాధిపతి వంశానికి తీరప్రజ ఇచ్చిన భక్తి కొండతెగలకు పట్టలేదు. వారు పందొమ్మిదో శతాబ్దారంభం నుంచీ నజ్ద్ మతసంస్కర్తల బోధకు అలవాటుపడ్డవారు. తెగ పెద్దరికం మీద నిలిచిన ఆయిద్ మాట తీరంలో చెల్లలేదు.

ఆ సందులోంచే ఇబ్న్ సౌద్ వచ్చాడు. 1920లో ఇద్రీసీ అతనితో ఒప్పందం కుదుర్చుకుని కొండప్రాంతం మీద అతని హక్కును అంగీకరించాడు. పొరుగువాడి ఇల్లు దూరపువాడికి రాసిచ్చినట్టయింది. ఆ ఏడే సౌదీ దళం అభాను పట్టుకుంది. ఆయిద్ తిరగబడ్డప్పుడు, 1922లో పదహారేళ్ల రాకుమారుడు ఫైసల్ సేనతో వచ్చి మళ్లీ స్వాధీనం చేసుకున్నాడు. 1923లో ఇద్రీసీ మరణించాడు. బ్రిటిష్‌వారు 1921లో అప్పగించి వెళ్లిన హొదైదాతో సహా అతడు కూడబెట్టినదంతా అనుభవం లేని కొడుకు అలీ చేతికి వచ్చింది. కుటుంబ కలహాలు మొదలయ్యాయి. 1925లో హొదైదా యెమెన్ ఇమామ్ యహ్యా పాలైంది. 1926లో పినతండ్రి హసన్ గద్దెనెక్కి, ఆ అక్టోబరులో మక్కా ఒప్పందంతో ఇబ్న్ సౌద్ రక్షణ కోరాడు. 1930లో పాలన కూడా చేజారింది. 1932లో చేసిన తిరుగుబాటు విఫలమైంది. 1934లో సౌదీ, యెమెన్ల మధ్య యుద్ధం ముగిసి తాయిఫ్ సంధి కుదిరేసరికి అసీర్ ఇద్దరు పెద్దల మధ్య సరిహద్దు సమస్యగా మిగిలింది.

ఇక్కడ తెలుగు పాఠకుడికి హైదరాబాదు గుర్తుకు రాక మానదు. నిజాం రాజ్యానికి సొంత నాణెం, రైల్వే, తపాలా, 1918 నుంచి విశ్వవిద్యాలయం ఉండేవి. అసీర్‌కు ఏనాడూ లేని పాలనాయంత్రాంగమది. కాని దానికి సముద్రం లేదు, పాలితుల్లో అత్యధికుల సమ్మతి లేదు. 1948 సెప్టెంబరులో అయిదు రోజుల్లో అంతా ముగిసింది.

అదే హైదరాబాదు జీతంతో అరేబియాలో మరో రాజ్యం పుట్టింది. నిజాం కొలువులో జమేదారుగా ఉన్న హద్రమీ అరబ్బు ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ సంపాదన స్వదేశంలో అధికారానికి పెట్టుబడి అయింది. అతని కొడుకులు 1867లో షిహ్ర్‌ను, 1881లో ముకల్లాను గెలిచారు. హద్రమౌత్ నేల అసీర్‌తో పోల్చడానికి వీల్లేనంత పేదది. అయినా రేవునూ లోపలి లోయ పట్టణాలనూ ఒకే చేతిలో ఉంచుకున్న ఖుఐతీ రాజ్యం, బయటి ధనంతో, 1888 తరువాత బ్రిటిష్ సంరక్షణలో, 1967 వరకు సాగింది. పచ్చని అసీర్ రెండుసార్లు కూలింది. రాతినేల నూరేళ్లు నిలిచింది. పంటలు, రేవులు ఒక రాజ్యానికి కావలసినవే కాని, వాటిని కలిపే అధికారం, పాలకుడు పోయాక కూడా నడిచే ఏర్పాటు లేకపోతే అవి పొరుగువారికి ఆశపెట్టడానికే పనికివస్తాయి.

నిలిచి ఉంటే అసీర్ వర్ధిల్లేదా అన్నది మరో ప్రశ్న. దానికి దగ్గరి సాక్ష్యం పక్కనే ఉంది. అవే కొండలు, అవే వానలు, అవే మెట్ల పొలాలున్న యెమెన్ 1918లో స్వతంత్రమై, 1925లో రేవును కూడా సంపాదించుకుని, దేశంగా నిలిచింది. 1962లో మొదలైన అంతర్యుద్ధం, 2014 తరువాత నేటికీ తీరని యుద్ధం ఆ స్వాతంత్ర్యపు ఫలితాన్ని ప్రజలకు దక్కనివ్వలేదు. సౌదీ రాజ్యానికి భాగ్యం తెచ్చిన చమురు 1938లో దేశపు తూర్పు అంచున, అసీర్‌కు చాలా దూరంలో బయటపడింది. విడిగా ఉంటే అందులో అసీర్‌కు వాటా ఉండేది కాదు. చేరినందుకు ఆసుపత్రులూ 1998లో కింగ్ ఖాలిద్ విశ్వవిద్యాలయమూ వచ్చాయి. తన వ్యవహారం తాను నిర్ణయించుకునే హక్కు పోయింది. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం అంత తేలిక కాదు.

నేడు అభా నుంచి తిహామాకు ఘాట్ రోడ్డు కొండల్ని తొలుచుకుంటూ సొరంగాల గుండా, వంతెనల మీదుగా దిగుతుంది. కొండమీది చలిలో బయలుదేరినవారు కొద్ది గంటల్లో తీరపు ఉక్కపోతలో ఉంటారు. ఆయిద్ దండు దిగినదీ, ఇద్రీసీ దండు ఎక్కినదీ ఈ వాలుల మీదనే. రెండు కొసలనూ కలిపిన ఆ దారి, అసీర్‌ను కలుపుకున్న రాజ్యం వేసినది.